మాటకు హద్దు గీసే చెయ్యి



2017 సెప్టెంబరు 23న పరకాల అంబేడ్కర్ సెంటర్‌లో ఒక కారును జనం చుట్టుముట్టారు. చెప్పులు విసిరారు, రాళ్లు రువ్వారు. కారు పరకాల పోలీస్ స్టేషన్‌లోకి చేరింది కాబట్టి లోపలున్న మనిషి ప్రాణాలతో బయటపడ్డారు. ఆయన ప్రొఫెసర్ కంచ ఐలయ్య. ఎక్కడి నుంచో వచ్చినవారు కాదు. ఉమ్మడి వరంగల్ జిల్లా పాపయ్యపేటలో గొర్రెల కాపరుల ఇంట పుట్టి, ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం చెప్పిన మనిషి. 2009లో ఇంగ్లీషులో వచ్చిన ఆయన పుస్తకం ‘పోస్ట్ హిందూ ఇండియా’. అందులోని ఒక అధ్యాయాన్ని తెలుగులో ‘సామాజిక స్మగ్లర్లు కోమటోళ్లు’ అనే పేరుతో చిన్న పుస్తకంగా వేశారు. ఇంగ్లీషులో ఎనిమిదేళ్లు షెల్ఫులో ఉన్న పుస్తకం తెలుగులోకి వచ్చేసరికి రెండు రాష్ట్రాల్లోనూ గొడవైంది. ఆర్యవైశ్య సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఒక పార్లమెంటు సభ్యుడు ఈ రచయితను బహిరంగంగా ఉరితీయాలని పత్రికల వారి ముందే అన్నారు.

ఆ పుస్తకాన్ని నిషేధించాలంటూ ఒక న్యాయవాది సుప్రీంకోర్టుకు వెళ్లారు. పరకాల ఘటన జరిగి మూడు వారాలైనా కాకముందే, అక్టోబరు 13న, ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రా నాయకత్వంలోని ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. తన ఆలోచనలను స్వేచ్ఛగా చెప్పుకోవడం రచయితకున్న ప్రాథమిక హక్కు అనీ, దానికి అడ్డుకట్ట వేయమని అడగడం తేలిక వ్యవహారం కాదనీ చెప్పింది.

నేను వృత్తిరీత్యా వకీలును. ఆ తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. కానీ తీర్పు వచ్చింది, సంగతి తేలిపోయింది అని ఊరుకోలేను. పరకాలలో చెప్పు పట్టుకున్న చేతుల వెనుక ఒక బాధ ఉంది. దాన్ని పట్టించుకోకుండా భావప్రకటన స్వేచ్ఛ గురించి మాట్లాడితే ఆ మాట వినేవాళ్లను చేరదు.

పరకాలలో, నర్సంపేటలో, జనగామలో తెల్లవారకముందే షట్టర్ ఎత్తి కిరాణా కొట్టు తెరిచే వైశ్యుణ్ణి తలుచుకోండి. అరువు పద్దు రాసుకుంటూ, ఊరివాళ్ల పెళ్లిళ్లకూ చావులకూ సరుకిస్తూ బతుకుతాడు. అతని కూతురు కాలేజీకి వెళ్తుంది. ఆమె కులం పేరును స్మగ్లర్ అన్న మాట పక్కన అట్ట మీద అచ్చు వేసి అమ్ముతుంటే ఆ తండ్రికి ఎలా ఉంటుంది? ఐలయ్య గారు అడిగిన ప్రశ్న పెద్దది. ఉత్పత్తి చేసే కులాల చేతికి రావలసిన సంపద వ్యాపారం పేరుతో ఎక్కడికి పోయింది, ఎందుకు పోయింది అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కానీ ఆ పేరు పెద్ద షావుకారునూ చిన్న కొట్టువాణ్ణీ ఒకే గాటన కట్టింది. అది అన్యాయమని నా అభిప్రాయం. ఈ అభిప్రాయం చెప్పడానికి నాకు చెప్పు అక్కర్లేదు. ఈ మైకు చాలు.

బాధ నిజమే. ఆ బాధ రచయిత నోరు మూయించే హక్కును ఇస్తుందా అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకు మన నేల మీదే, మన పెద్దలు ఒకసారి జవాబు చెప్పి చూపించారు. తెలంగాణలో కవులు లేరన్న ఒక పండితుడి మాట ఇక్కడి వాళ్లను నిలువునా కోసింది. నిజాం పాలనలో మాతృభాషలో బడి కూడా సరిగా దొరకని జనానికి ఆ మాట ఎంత గుచ్చుకుని ఉంటుందో ఊహించండి. గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి గారు ఏం చేశారు? ఆ పండితుడి దిష్టిబొమ్మ తగలబెట్టలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి, పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చు వేశారు. ఇవాళ ఆ పండితుడి మాట గుర్తుంటే, ఆ సంచిక వల్లనే గుర్తుంది. అవమానానికి జవాబుగా వచ్చిన పుస్తకం తెలంగాణ సాహిత్య చరిత్రకే ఆధారమైంది.

ఆ రోజుల్లో అలా పుస్తకం వేయడమూ సులువు కాదు. నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. ఎవరు మాట్లాడతారు, ఏం మాట్లాడతారు అన్నది ముందే చెప్పాలి. గ్రంథాలయం వార్షికోత్సవం కూడా అనుమానపు కళ్ల కిందే జరిగేది. హన్మకొండలో 1904లో మొదలైన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం లాంటి సంస్థలు అందుకే అంత విలువైనవి. రాజకీయం మాట్లాడటానికి వీల్లేని చోట పుస్తకం చదువుకోవడమే రాజకీయమైంది. మానుకోట దగ్గర ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు 1922లో ‘తెనుగు’ పత్రిక మొదలుపెట్టారు. ఒక పల్లెటూళ్లో అచ్చుయంత్రం పెట్టి, తామే రాసి, తామే అచ్చు వేసి, తామే పంచిన పత్రిక అది. మాట్లాడటానికి చోటు లేనివాళ్లే మాట విలువను ఎక్కువ తెలుసుకుంటారు. ఉమ్మడి వరంగల్ ఆ విలువ బాగా తెలుసుకున్న జిల్లా.

ఎంతగా తెలుసుకుందంటే, 1946 ఆగస్టు 11న వరంగల్ కోటలో జెండా ఎగరేసినందుకు బత్తిని మొగిలయ్యను నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్లు పొడిచి చంపారు. 1947 సెప్టెంబరు 2న పరకాలలో మువ్వన్నెల జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం కదిలి వస్తే, నిజాం పోలీసులూ రజాకార్లూ వాళ్ల మీద విరుచుకుపడ్డారు. ఎందరో నేలకొరిగారు. అక్కడ ఇప్పుడు అమరధామం ఉంది. జెండా కూడా ఒక మాటే. ఆ మాట పలికినందుకు రక్తం చిందిన ఊళ్లోనే, డెబ్బై ఏళ్ల తర్వాత, పుస్తకం రాసిన మనిషి మీద రాళ్లు పడ్డాయి. పరకాల పిల్లలకు బడిలో ఈ రెండు సంగతులూ కలిపి చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇంతవరకు విన్నవారు నేను హద్దులే వద్దంటున్నానని అనుకోవచ్చు. కాదు. హద్దు ఉండాలి. హద్దు లేకపోతే ఏమవుతుందో కూడా మన హైదరాబాదు రాజ్యమే చూపించింది.

1948 ఆగస్టు. ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ దినపత్రికకు షోయబుల్లాఖాన్ ఎడిటర్. ఆయన అంతకుముందు పనిచేసిన మందుముల నర్సింగరావు గారి ‘రయ్యత్’ పత్రికను సర్కారు మూయించింది. అప్పుడు ఇంట్లోని నగలు అమ్మి సొంత పత్రిక పెట్టుకున్న యువకుడు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాశారు. ఏడుగురు ముస్లిం ప్రముఖులు అదే కోరుతూ చేసిన ప్రకటనను తన పత్రికలో వేశారు. ఆ రోజుల్లోనే రజాకార్ల నాయకుడు కాశీం రజ్వీ హైదరాబాదులో ఒక సభలో, తమకు వ్యతిరేకంగా లేచే చేతులను నరికేయాలన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఆగస్టు 21 రాత్రి, ఆఫీసు నుంచి ఇంటికి నడిచి వెళ్తున్న షోయబుల్లాఖాన్‌ను కాచిగూడ దగ్గర కాల్చారు. రాసే చేతిని నరికారు. తెల్లవారేసరికి ఆయన లేరు. ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి.

రెండు గొంతుల మీద ఆ రాజ్యం చూపిన తేడా గమనించండి. గ్రంథాలయ సభకు అనుమతి కావాలి. జెండా పట్టుకుంటే చావు. పత్రిక నచ్చకపోతే మూత. కానీ చేతులు నరకమని వేదిక మీద అరిచేవాడికి ఏ గస్తీ నిషానూ అడ్డు రాలేదు. ఆ రాజ్యంలో సెన్సారు లేక కాదు, షోయబుల్లా చనిపోయింది. సెన్సారు నిండా ఉంది. అది ఆపవలసినవాణ్ణి వదిలి ఆపకూడనివాణ్ణి పట్టుకుంది. నేను చెప్పదలచుకున్నదంతా ఈ సంగతిలోనే ఉంది.

రేడియోలో కూర్చుని మాట్లాడుతున్నాను కాబట్టి రేడియో చేసిన ఒక పాపం గురించీ చెప్పాలి. ఆఫ్రికాలోని రువాండాలో 1993లో మిల్ కొలీన్ అనే ప్రైవేటు రేడియో మొదలైంది. మంచి సంగీతం, కబుర్లు, జనం మాట్లాడుకునే భాష. మధ్యమధ్యలో టుట్సీ జాతి వాళ్లను బొద్దింకలనే తిట్టు. 1994 ఏప్రిల్‌లో మారణహోమం మొదలయ్యాక ఆ రేడియో మనుషుల పేర్లు చెప్పింది, ఎక్కడ దాక్కున్నారో చెప్పింది. వంద రోజుల్లో లక్షల మంది చనిపోయారు. ఆ రేడియో పెట్టినవాళ్లలో ఇద్దరికీ, అదే పని చేసిన ఒక పత్రిక ఎడిటర్‌కూ 2003లో అంతర్జాతీయ ట్రైబ్యునల్ శిక్ష వేసింది. అది భావప్రకటన కాదని కోర్టు తేల్చింది. గొంతు విప్పడం వేరు, గొంతు కోయమని పేరూ చిరునామా అందించడం వేరు. ఆ రేడియోను ముందే ఆపి ఉంటే ఎంతమంది బతికేవాళ్లో! సెన్సారు ఎప్పుడూ తప్పే అనేవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. నా దగ్గరైతే వాళ్ల పక్షాన చెప్పడానికి జవాబు లేదు.

మన చట్టంలో ఇలాంటి హద్దులు ఉన్నాయి. వాటిలో కొన్నింటి వెనుక నేను పూర్తి మనసుతో నిలబడతాను. అత్యాచారానికి గురైన మనిషి పేరు, ఫోటో బయట పెట్టకూడదన్నది ఒకటి. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్, పాత శిక్షాస్మృతిలో 228ఏ. బాధితురాలు చనిపోయినా ఆ నిషేధం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక అమ్మాయిపై అత్యాచారం చేసి చంపినప్పుడు ఏమైందో మీకు గుర్తుంది. పోలీసులు ‘దిశ’ అని పేరు పెట్టేలోపే ఆ అమ్మాయి అసలు పేరూ ఫోటోలూ లక్షల ఫోన్లలో తిరిగాయి. న్యాయం కావాలని అరిచినవాళ్లే చట్టాన్ని తొక్కారు. అక్కడ సెన్సారు కఠినంగా ఉండాలని నేను అంటాను. ఆ పేరు తెలిసినందువల్ల ఎవరికీ ఏ జ్ఞానమూ రాలేదు. ఒక కుటుంబానికి మాత్రం దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

రెండోది 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. నలుగురి ముందు కులం పేరుతో దళితుణ్ణి, గిరిజనుణ్ణి అవమానిస్తే నేరం. ఇదీ మాట మీద హద్దే. ఎవరూ దీన్ని సెన్సారు అనరు, కానీ అదే. దీన్ని నేను ఎందుకు సమర్థిస్తానంటే, కోర్టులో ఇలాంటి కేసులు నడిపేటప్పుడు ఆ మాట ఒక్కటే విడిగా రాదు. బోరింగు దగ్గర నీళ్లు పట్టుకునేటప్పుడు వస్తుంది, పొలం గట్టు తగాదాలో వస్తుంది, పెళ్లి ఊరేగింపు వీధిలోకి రాకుండా ఆపేటప్పుడు వస్తుంది. ఆ తిట్టు అభిప్రాయం కాదు. మనిషిని వెనక్కి నెట్టే చెయ్యి. మరి మా కులాన్ని అంటే ఎందుకు ఊరుకోవాలని ఆర్యవైశ్య మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. బావి దగ్గరకు రానివ్వకుండా, గుడిలోకి రానివ్వకుండా తరతరాలు ఆపిన చరిత్ర ఉన్నవాళ్లకు చట్టం ప్రత్యేక రక్షణ ఇచ్చింది. మిగతా అందరికీ పరువునష్టం కేసు ఉంది, వర్గాల మధ్య ద్వేషం రేపితే కేసు ఉంది. వేరే దారి లేక చెప్పు తీశామన్న మాట మాత్రం చెల్లదు.

మూడోది, ఇప్పటికిప్పుడు హింసకు పురికొల్పే మాట. రజ్వీ మాట, మిల్ కొలీన్ మాట. అదీ నేరమే, నేరంగానే ఉండాలి.

ఇక్కడి నుంచి దారి కష్టమవుతుంది. హద్దు ఉండాలని ఒప్పుకున్న మరుక్షణం, ఆ హద్దు గీసే కలం ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్న వస్తుంది. రాజ్యాంగం వచ్చిన మొదటి ఏడాదే ఈ తగువు మొదలైంది. మద్రాసు ప్రభుత్వం ‘క్రాస్ రోడ్స్’ అనే పత్రికను రాష్ట్రంలోకి రాకుండా ఆపితే, 1950లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మరుసటి ఏడాదే పార్లమెంటు మొదటి సవరణ తెచ్చి, శాంతిభద్రతల పేరుతో మాటను అదుపు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. అయితే అదే సవరణ ఒక మంచి పని కూడా చేసింది. ఆ అదుపు సమంజసంగా ఉందా లేదా అని కోర్టు పరీక్షించే వీలు కల్పించింది. పంతొమ్మిదో అధికరణం రెండో భాగంలో ఉన్న ఆ పరీక్షే ఇవాళ్టికీ మనకున్న రక్షణ. 2015లో ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కోర్టు కొట్టేసింది కూడా ఆ పరీక్షలో అది నిలవలేదు కాబట్టే. చిరాకు తెప్పించే మెసేజి పెట్టినా జైలే అన్న సెక్షన్ అది.

కానీ పరీక్ష జరిగేలోపు మనిషి ఏమైపోతాడు? వరంగల్‌కు దీని జవాబు బాగా తెలుసు. 1966లో ఇక్కడి నుంచి ‘సృజన’ పత్రిక మొదలుపెట్టిన వరవరరావు గారిని 1973లో మీసా అనే నిర్బంధ చట్టం కింద పట్టుకున్నారు. 1974లో సికింద్రాబాద్ కుట్ర కేసు పెట్టారు. వరవరరావు, చెరబండరాజు, ఎం.టి. ఖాన్, త్రిపురనేని మధుసూదనరావు వంటి రచయితలు అందులో ముద్దాయిలు. కవిత్వమూ ఉపన్యాసాలూ జనాన్ని హింసకు పురికొల్పాయన్నది ఆరోపణ. ఆ కేసు 1989లో తేలింది, అందరూ నిర్దోషులని. పదిహేనేళ్లు పట్టింది. చెరబండరాజు 1982లోనే చనిపోయారు. తాను నిర్దోషినన్న మాట ఆయన వినలేదు.

వాళ్ల రాజకీయాలతో మీరు ఏకీభవించనక్కర్లేదు. తుపాకీ మీద నమ్మకాన్ని నేనూ ఒప్పుకోను. కానీ పద్యానికీ పేలుడుకీ మధ్య లింకు ఉందని చెప్పేవాడు ఆ లింకు చూపించాలి. పదిహేనేళ్లు తిప్పి, చివరికి చూపించలేకపోయారు. రజ్వీ మాటకూ షోయబుల్లా చావుకూ మధ్య ఉన్నది కొద్ది రోజులే. ఆ మాటలో ఏం చేయాలో ఉంది, ఎవరి మీద చేయాలో ఊరందరికీ తెలుసు. ఒక పద్యంలో ఆవేశం ఉంటుంది, కోపం ఉంటుంది, చెడ్డ సలహా కూడా ఉండవచ్చు. ఆ రెండింటినీ ఒకే సెక్షన్ కింద రాసే అధికారికి హద్దు గీసే కలం ఇవ్వడానికి నేను ఒప్పుకోను. 2005 ఆగస్టులో విప్లవ రచయితల సంఘాన్నే ప్రభుత్వం ప్రజాభద్రతా చట్టం కింద నిషేధించింది. మూడు నెలల్లోనే ఆ నిషేధం నిలవకుండా పోయింది. రచయితల సంఘం మీద నిషేధం నిలబెట్టుకోవడానికి కావలసిన సాక్ష్యం ప్రభుత్వం దగ్గర లేదన్నది దానర్థం.

పుస్తక నిషేధం మన దేశంలో ఎలా జరుగుతుందో కొందరికే తెలుసు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రాష్ట్ర ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చి పుస్తకాన్ని జప్తు చేయవచ్చు. పాత నేర విచారణ ప్రక్రియా స్మృతిలో ఇది 95వ సెక్షన్, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 98. అయితే ఆ నోటిఫికేషన్‌లో కారణాలు రాయాలి. శాంతిభద్రతలకు భంగం అని ఒక ముక్క రాసి వదిలేస్తే కుదరదు. ఏ భాగం, ఏ నేరానికి దారితీస్తుందో చెప్పాలి. రెండు నెలల్లోగా రచయిత గానీ, ప్రచురణకర్త గానీ, ఆ పుస్తకంతో సంబంధమున్న ఎవరైనా గానీ హైకోర్టుకు వెళ్లవచ్చు. ముగ్గురు జడ్జీలు కూర్చుని వింటారు. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది. సెన్సారు తప్పదనుకుంటే ఇలాగే జరగాలి. కాగితం మీద కారణం, పైన సంతకం, ఆ కారణాన్ని చించి చూసే కోర్టు.

కానీ జరుగుతున్నది ఇది కాదు. జప్తు నోటిఫికేషన్లు అరుదు. ప్రభుత్వానికి వాటి అవసరమే లేకుండా పోతోంది. ఒక సంఘం నలుగురిని తీసుకుని స్టేషన్‌కు వెళ్తుంది. మనోభావాలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు ఇస్తుంది. న్యాయ సంహితలోని 196, 299 సెక్షన్లు, అంటే పాత 153ఏ, 295ఏ కింద కేసు నమోదవుతుంది. ఒకే పుస్తకానికి నాలుగు ఊళ్లలో నాలుగు కేసులు. ఈ సెక్షన్ల కింద కోర్టు విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని చట్టంలో ఉంది. అరెస్టుకు మాత్రం ఆ అనుమతి అక్కర్లేదు. అందువల్ల శిక్ష తీర్పుతో మొదలు కాదు, ఫిర్యాదుతోనే మొదలవుతుంది. ప్రచురణకర్త భయపడి ప్రతులు వెనక్కి తీసుకుంటాడు. హాలు యజమాని సభకు ఇచ్చిన బుకింగు రద్దు చేస్తాడు. ఎవరూ నిషేధించకుండానే పుస్తకం మాయమవుతుంది. ఈ సెన్సారుకు నోటిఫికేషన్ లేదు, కారణం లేదు, అప్పీలు లేదు. పరకాల చౌరస్తాలో రాళ్లు పట్టుకున్న సెన్సారూ ఈ జాతిదే. నేను ఎక్కువ భయపడేది దీనికే.

జనం నోటి మాట ప్రాణాలు తీసే పరిస్థితి వచ్చినప్పుడు కూడా, నోళ్లు మూయించకుండా పనిచేసిన వాళ్లు మన రాష్ట్రంలో ఉన్నారు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకి, దేశంలో చాలా చోట్ల అమాయకులను కొట్టి చంపారు. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరికో కానిస్టేబుల్‌ను పంపారు. డప్పు కొట్టించి, పాటలు కట్టించి, ఆ మెసేజీ అబద్ధమని పల్లెపల్లెకూ చెప్పించారు. ఆమె పరిధిలో ఒక్క ప్రాణమూ పోలేదు. అబద్ధపు మాటకు ఎదురుగా నిజమైన మాటను అంతే వేగంగా పంపడం పోలీసుల పనే అని ఆమె చూపించారు. ప్రతి జిల్లాలో పోలీసు శిక్షణలో ఇది పాఠంగా పెట్టాలి.

ఇక ఈ మాధ్యమం గురించి. మీరు వింటున్న ఈ ప్రసంగం రాతప్రతి రికార్డింగుకు ముందే స్టేషన్‌కు ఇచ్చాను. ప్రోగ్రాం అధికారి చదివారు. రెండు చోట్ల పెన్సిల్‌తో గీత గీసి, ఒక తేదీకి ఆధారం అడిగారు. ఒక వ్యక్తి పేరు ఉండవలసిన అవసరం ఉందా అని అడిగారు. తేదీకి ఆధారం చూపాను. ఆ పేరు తీసేశాను. ఉరితీయమన్న పార్లమెంటు సభ్యుడి పేరు మీరు వినకపోవడానికి కారణం అదే. ఆకాశవాణికి ప్రసార నియమావళి ఉంది. మతాల మీద, వర్గాల మీద దాడి ఉండకూడదు, హింసకు పురికొల్పకూడదు, కోర్టు ధిక్కారం ఉండకూడదు, పేరు పెట్టి రాజకీయ పార్టీ మీద దాడి చేయకూడదు. ముందే చదివి గీత గీయడం నిజంగా సెన్సారే. దీన్ని నేను ఒప్పుకునే ఇక్కడ కూర్చున్నాను. ఎందుకంటే నియమాలు రాసి ఉన్నాయి, నాకు ముందే తెలుసు, గీత గీసిన మనిషి నా ఎదురుగా కూర్చుని కారణం చెప్పారు. నాకు నచ్చకపోతే ఇదే మాట రేపు పత్రికలో రాయగలను, హన్మకొండలో సభ పెట్టి చెప్పగలను. ఒక తలుపు దగ్గర నియమం ఉండటాన్ని నేను భరించగలిగేది మిగతా తలుపులు తెరిచి ఉన్నాయి కాబట్టి. 1975లో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు ఆ తలుపులన్నీ ఒకేసారి మూసేశారు. అప్పుడు రేడియో చెప్పిన నిజాన్ని కూడా జనం నమ్మడం మానేశారు. సెన్సారు ఎక్కువైతే ప్రభుత్వమే మొదట నష్టపోతుంది.

కవి కాళోజీ నారాయణరావు గారిని వరంగల్ వాళ్లు ఏటా సెప్టెంబరు 9న తలుచుకుంటారు. భాషా దినోత్సవం చేస్తారు, దండలు వేస్తారు. నిజాం సర్కారు ఆయనను జైల్లో పెట్టింది, ఈ నగరం నుంచే బహిష్కరించింది. స్వతంత్రం వచ్చాక కూడా ఆయన పాలకులను నిలదీయడం మానలేదు. 1977లో తార్కుండే కమిటీలో సభ్యుడిగా ఎన్‌కౌంటర్ల మీద నిజనిర్ధారణకు తిరిగారు. ఆయనను గౌరవించాలంటే దండ ఒక్కటే సరిపోదు. ఆయన అడిగినట్టు అడగాలి.

అందుకే శ్రోతలకు ఒక్క విన్నపం. మీ ఊళ్లో సభ పెట్టుకోవడానికి, ఊరేగింపు తీయడానికి, పుస్తకం ఆవిష్కరించుకోవడానికి పోలీసులు అనుమతి నిరాకరిస్తే, మాటతో వద్దన్న దాన్ని ఒప్పుకుని ఇంటికి పోకండి. కారణం కాగితం మీద రాసివ్వమని దరఖాస్తు పెట్టండి. ఆ దరఖాస్తుకు రశీదు తీసుకోండి. మిమ్మల్ని బాధపెట్టిన పుస్తకం కనబడితే, అందులో ఏ పేజీ, ఏ వాక్యం, ఏ నేరం అన్నది మీరూ కాగితం మీద రాసి కోర్టుకు రండి. ఆ కాగితం రాయడానికి వకీలు ఫీజు కట్టలేని వాళ్లకు జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంది. మహిళలకూ, ఎస్సీ ఎస్టీలకూ, పేదలకూ అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. వెళ్లి అడగండి.